ఎర్రదీపం ఆరకముందే

ఎడమచేయి ముందే వదిలేసింది.

2014 ఏప్రిల్ 13, ఆదివారం. అమెరికాలోని ఆస్టిన్ నగర శివారు, సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్. మోటోజీపీ బైకు రేసుల సీజన్‌లో రెండో రేసు. వార్మప్ ల్యాపు ముగించుకుని బైకులన్నీ వరుసకు మూడు చొప్పున వచ్చి ఎవరి గీత వెనక వాళ్లు ఆగారు. రెండో వరుసలో 99వ నంబరు యమహా. దాని మీద స్పెయిన్ కుర్రాడు హోర్హే లోరెంజో. అప్పటికి వయసు 26. మోటోజీపీలో రెండుసార్లు ప్రపంచ చాంపియన్.

ఎదురుగా కొండ ఎక్కుతున్నట్టుండే దారి. దాని కొసన చటుక్కున ఎడమకు తిరిగే మొదటి మలుపు. ఆ వరుసల ముందు, అంటే గ్రిడ్ ముందు, ఎర్రజెండా పట్టుకున్న అధికారి నిలబడి ఉన్నాడు. చిట్టచివరి బైకు కూడా వచ్చి ఆగాక వెనక నుంచి పచ్చజెండా ఊపారు. ముందున్న అధికారి పక్కకు తప్పుకున్నాడు. ఇంజిన్ల రొద ఒక్కసారిగా పెరిగి, ఒకే శ్రుతి మీద నిలిచింది.

ఎర్రదీపం వెలిగింది.

అది ఆరితేనే రేసు మొదలైనట్టు. ఇంకా ఆరలేదు. అందరూ రాతిబొమ్మల్లా ఉన్నారు. ఆ నిశ్చలంలోంచి ఒక్క బైకు మాత్రం ముందుకు దూకింది. 99వ నంబరు.

తప్పు జరిగిందని తేల్చడానికి కెమెరాలు అక్కర్లేదు. మిగతావాళ్లంతా ఆగి ఉండగా ఆయనొక్కడే కదలడం గ్యాలరీల్లో కూర్చున్నవాళ్లకే కనిపించింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు గుండె జారినట్టే ఉంటుంది. ఎందుకంటే ఆ రోజు తప్పు చేసింది ఏ కొత్త కుర్రాడో కాదు. రేసు మొదలుపెట్టడంలో ఆ తరంలో ఆయన్ని మించినవాళ్లు ఒకరిద్దరు ఉంటారేమో.

ఏడాది వెనక్కి వెళ్దాం. 2013లో బార్సిలోనా దగ్గరి కాటలున్యా సర్క్యూట్‌లో డాని పెడ్రోసాది పోల్ పొజిషన్, అంటే గ్రిడ్‌లో మొదటి స్థానం. లోరెంజోది మూడో స్థానం. దీపం ఆరిన కొన్ని సెకన్లకే, మొదటి మలుపు దగ్గర పై స్థానాల్లోని ఇద్దరినీ దాటేసి ముందున్నది లోరెంజో. ఆ రేసు గెలిచాడు కూడా. ఆ ఏడాదే మీసానో సర్క్యూట్‌లో రెండో స్థానం నుంచి దూకి అదే పని చేశాడు. పెడ్రోసా సామాన్యుడేం కాదు. తేలికైన ఒళ్లు, అదే ఇంజిన్ బలానికి తక్కువ బరువు, బాణంలా దూసుకెళ్లేవాడు. అలాంటివాణ్నే లోరెంజో మొదటి మలుపులోపు పట్టేసేవాడు. ఆ ఏడాది మొత్తం 8 రేసులు గెలిచాడు. అయినా ప్రపంచ టైటిల్ 4 పాయింట్ల తేడాతో చేజారి, 20 ఏళ్ల మార్క్ మార్కెజ్‌కి దక్కింది. 334, 330. ఆ రెండంకెలూ లోరెంజోకి ఎన్ని రాత్రులు నిద్ర పట్టనివ్వలేదో ఊహించుకోవచ్చు.

2014 సీజన్ ఆయనకు అనుకూలంగా మొదలవలేదు. కిందటేడు విరిగిన కాలర్‌బోన్ తాలూకు ప్లేట్లు తీయించుకోవడానికి చలికాలంలో ఆపరేషన్లు. శరీరం ఇంకా దారికి రాలేదు. ఫ్యాక్టరీ బైకులకు రేసులో ఇచ్చే ఇంధనాన్ని 21 లీటర్ల నుంచి 20కి తగ్గించారు. టైర్లూ మారాయి. తొలి రేసు మార్చి 23న ఖతార్‌లో, రాత్రివేళ దీపాల వెలుగులో. రెండో వరుస నుంచి బయల్దేరి ఎప్పటిలాగే అందరికన్నా ముందు మొదటి మలుపు చేరాడు. ఆ ల్యాపు పూర్తికాకుండానే బైకు జారి కిందపడ్డాడు. పాయింట్లు సున్నా.

మూడు వారాల తర్వాత ఆస్టిన్. ఆ సున్నా భుజాల మీద ఉండగానే గీత వెనక వచ్చి ఆగాడు.

ఇక్కడ కథ కాసేపు ఆపుతాను. గీత దగ్గర ఆ రెండు మూడు సెకన్లలో జరిగేదేమిటో తెలియకపోతే, ఆయన పోగొట్టుకున్నది ఎంతో తెలియదు.

బండి నేర్చుకున్న ప్రతివాళ్లకీ ఒక ఎక్కుడు గుర్తుండే ఉంటుంది. నాది మా ఊరి చెరువుకట్ట. కట్ట ఎక్కే చోట బండి ఆపి మళ్లీ కదిలించాలి. క్లచ్ ఒక్కసారి వదిలితే ఇంజిన్ ఆగిపోయేది. భయపడి రేజ్ ఎక్కువిస్తే ముందు చక్రం లేచేది. వెనక కూర్చున్న బాబాయి నా ఎడమచేతి మీద తన చేయి వేసి, వదలడం వేరు, వదులుతూ ఉండడం వేరు అని చెప్పాడు. లివర్ ఓ చోటికి వచ్చేసరికి బండి ముక్కు కాస్త వంగినట్టవుతుంది, ఇంజిన్ గొంతు మారుతుంది. క్లచ్ పట్టే చోటు అదే. అక్కడ చేతిని నిలబెట్టగలిగితే కట్ట ఎక్కేసినట్టే.

మోటోజీపీ బైకుకి కూడా ఉన్నది ఆ ఒక్క చోటే. తేడా ఏమిటంటే, 2014లో ఆ బైకు కనీస బరువు 160 కిలోలు, ఇంజిన్ శక్తి 250 హార్స్‌పవర్‌కు పైన. పైగా మొదటి గేరు చాలా పొడుగు. మన బండ్లలో అయితే నాలుగడుగులు కదలగానే క్లచ్ పూర్తిగా వదిలేస్తాం. అక్కడ వేగం పుంజుకునేదాకా క్లచ్ పళ్లేలు రాసుకుంటూనే ఉండాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలోనే చేతివేళ్లు లివర్‌ని వెంట్రుకవాసి చొప్పున వదులుతూ పోవాలి. కుడిచేతి సంగతి కొంత కంప్యూటర్ చూసుకుంటుంది. రైడర్ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా, ఇంజిన్ నిర్ణీత వేగం దాటకుండా లాంచ్ కంట్రోల్ అదిమిపెడుతుంది. ఎడమచేతిని మాత్రం ఎవరూ అదిమిపెట్టరు. అది పూర్తిగా మనిషి చేయి.

ఇంత బలం ఉన్నా దాన్నంతా వాడుకోవడం కుదరదు. వెనక టైరు నేలను నెట్టే చోటు కింద ఉంటుంది, బైకూ మనిషీ కలిసిన బరువు కేంద్రం పైన ఉంటుంది. నెట్టే బలం హద్దు మీరితే బైకు ముందుకు పోవడం మాని పైకి లేస్తుంది. ముందు చక్రం జానెడు లేచిందంటే రైడర్ బలం తగ్గించక తప్పదు. ఈలోగా పక్కవాడు వెళ్లిపోతాడు. అలాగని బెదిరి బలం తగ్గించి బయల్దేరితే అసలు వేగమే రాదు. అందుకే మంచి ఆరంభంలో ముందు చక్రం నేలను అంటీ అంటనట్టు పోతుంది. బెత్తెడు ఎత్తులో తేలుతూ, దిగీ దిగకుండా. దానికోసమే రైడర్లు సీటు ముందు అంచుకు జరిగి, గడ్డం ట్యాంకు మీద ఆనేంతగా వంగి కూర్చుంటారు. బరువు ఎంత ముందుకు, ఎంత కిందికి జరిగితే ఆ హద్దు అంత దూరం జరుగుతుంది.

ఇదంతా అభ్యాసంతో వచ్చేదే. ప్రాక్టీసు ముగిసి గళ్ల జెండా ఊపాక ప్రేక్షకులు లేచి క్యాంటీన్ల వైపు నడుస్తుంటారు. అప్పుడు ట్రాక్ మీద చూస్తే ఒక్కొక్క రైడరే ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి, ఉన్నట్టుండి దూకుతూ కనిపిస్తాడు. అది ఆరంభాల సాధన. ఒక్కొక్క దూకుడుకీ క్లచ్ పళ్లేలు కాగిపోతాయి కాబట్టి ఎక్కువసార్లు చేయడానికి వీల్లేదు. ఆ ఒకటి రెండు ప్రయత్నాల్లో ఇంజిన్ ఎంత వేగంతో తిరిగింది, వెనక చక్రం ఎక్కడ గిర్రున జారింది, ముందు చక్రం ఎప్పుడు లేచింది అన్న గీతలను గ్యారేజీలో ఇంజినీర్లు రైడర్ ముందు పరుస్తారు. మర్నాడు మళ్లీ. ఏళ్ల తరబడి ఇలా చేసీ చేసీ ఆ చేతికి సొంత జ్ఞాపకం వస్తుంది. కన్ను చూడగానే చేయి కదులుతుంది, మధ్యలో ఆలోచనకు చోటుండదు.

లోరెంజో చేతికి ఆ జ్ఞాపకం నిండుగా ఉంది. ఆ జ్ఞాపకమే ఆ రోజు ఆయన్ని ముంచిందని నేననుకుంటాను.

దీపం సంగతి చూడండి. మన రోడ్ల మీద పచ్చదీపం వెలిగితే కదులుతాం. రేసులో వెలిగితే కదలకూడదు, ఆరితే కదలాలి. ఎర్రదీపం 2 నుంచి 5 సెకన్ల మధ్య ఎంతసేపైనా వెలిగి ఉండొచ్చని నిబంధన. ఎవరూ మనసులో లెక్కపెట్టుకుని ముందే బయల్దేరకుండా ఆ ఏర్పాటు. అంటే గీత దగ్గర మొదట జరిగేది ఒక వెలుగు. ఒళ్లంతా విల్లులా బిగించి, ఏదైనా మారితే చాలు దూకుదామని కాచుకున్న మనిషి కంటికి మొట్టమొదట కనిపించే మార్పు అదే. ఆ మార్పుకు చలించకూడదు, రెండో మార్పుకు క్షణం ఆలస్యం చేయకూడదు. రెండూ ఒకే చేయి చేయాలి. చాచి కొట్టడం నేర్పినంత శ్రద్ధగా, కొట్టకుండా ఆగడం కూడా చేతికి నేర్పాలి.

ఆ వార్మప్ ల్యాపులో హెల్మెట్ అద్దానికి పురుగులు అంటుకున్నాయనీ, వాటి మీదికి ధ్యాస పోయిందనీ లోరెంజో తర్వాత చెప్పాడు. అంతే జరిగింది. అద్దం మీద ఒక మచ్చ. అది తుడవాలా వద్దా అన్న ఆలోచన. ఆ ఆలోచన మధ్యలో దీపం వెలిగింది. మనసు ఇంకా అద్దం దగ్గరే ఉంది. చేతికి మాత్రం మార్పు అందింది. తనకు తెలిసిన పని అది చేసేసింది.

ఆ వివరణ విని చాలామంది పెదవి విరిచారు. నాకది నమ్మశక్యంగానే ఉంది. పెద్ద పెద్ద తప్పుల వెనక తరచూ ఉండేది అంత చిన్న సంగతే. ఇంట్లో పాలు పొంగిపోయిన ప్రతిసారీ మనం ఎక్కడో చూస్తూనే ఉంటాం.

బైకు గీత దాటిన క్షణంలోనే ఆయనకు తెలిసిపోయింది. వెనక్కి తీసుకోవడానికి అదేం మాట కాదు. శిక్ష రైడ్‌త్రూ. రేసు సాగుతుండగా పిట్ లేన్‌లోకి వచ్చి, ఆగకుండా, గంటకు 60 కిలోమీటర్లు మించకుండా దాని కొసదాకా వెళ్లి మళ్లీ ట్రాక్ ఎక్కాలి. గోడ అవతల ప్రత్యర్థులు పూర్తి వేగంతో పోతుంటే, ఈయన సొంత గ్యారేజీ ముందు నుంచి, తన మెకానిక్కుల కళ్లెదుటే నింపాదిగా వెళ్లాలి. ట్రాక్ మీదికి తిరిగొచ్చేసరికి అందరికన్నా వెనక.

రేసు మొత్తం 21 ల్యాపులు. మార్కెజ్ పోల్ నుంచి బయల్దేరి గెలిచాడు. పెడ్రోసా రెండు, ఆంద్రేయా దోవిజియోసో మూడు. లోరెంజో మాత్రం తల వంచుకుని ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి పదో స్థానంలో ముగించాడు. దానికి 6 పాయింట్లు. రెండు రేసులయ్యాక మార్కెజ్‌వి 50, లోరెంజోవి 6. ఒకటి ఆరంభం అద్భుతంగా కుదిరి పడిపోయిన రేసు, ఇంకోటి ఆరంభంలోనే ఓడిపోయిన రేసు. మార్కెజ్ ఆ ఏడాది తొలి పది రేసులూ వరసగా గెలిచాడు. లోరెంజో టైటిల్ ఆశ ఏప్రిల్ నెలలోనే ఆవిరైపోయిందని చెప్పాలి.

రేసింగ్ తెలిసినవాళ్లు అప్పుడు ఎదురుచూసింది ఒక్కదానికోసమే. తర్వాతి రేసులో ఆ చేయి ఏం చేస్తుంది?

ముందే దూకి శిక్ష పడినవాడికి మర్నాటి నుంచి ఒక జబ్బు పట్టుకుంటుంది. దీపం ఆరిందో లేదో రెండోసారి చూసుకోవడం. ఆ రెండో చూపుకు పట్టేది సెకనులో ఐదో వంతే అనుకుందాం. గీత దగ్గర ఆ తేడా కంటికి ఆనదు. అదే తేడా మొదటి మలుపు ముందు, బైకులు 250 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు, దాదాపు 14 మీటర్లవుతుంది. మోటోజీపీ గ్రిడ్‌లో వరుసకీ వరుసకీ మధ్య దూరం 9 మీటర్లు. అంటే ఒక్క అనుమానం ఖరీదు ఒకటిన్నర వరుసలు. శనివారమంతా చెమటోడ్చి క్వాలిఫయింగ్‌లో సంపాదించుకున్న స్థానం ఆ ఒక్క రెప్పపాటులో పోతుంది.

ఏప్రిల్ 27, అర్జెంటీనా, టెర్మాస్ దె రియో ఓండో. లోరెంజో రెండో స్థానం నుంచి బయల్దేరాలి. పక్కనే పోల్‌లో మార్కెజ్. ఎర్రదీపం వెలిగింది. 99వ నంబరు బైకు కదల్లేదు. దీపం ఆరింది. మార్కెజ్ ఆరంభం తడబడింది, కొన్ని స్థానాలు కిందికి జారాడు. మొదటి మలుపు దగ్గర ముందున్నది లోరెంజో. రేసులో ఎక్కువ భాగం ఆయనే ముందు నడిచాడు. చివరికి మార్కెజ్, ఆ తర్వాత పెడ్రోసా దాటిపోగా మూడో స్థానం దక్కింది. ఫలితాల పట్టికలో అది మూడో స్థానమే కావచ్చు. రెండు వారాల కిందట తనను మోసం చేసిన చేతిని మళ్లీ నమ్మి, అనుమానం లేకుండా వదిలాడు చూడండి, నా లెక్కలో ఆ సీజన్ మొత్తంలో ఆయన చేసిన గొప్ప పని అది.

ఇప్పుడు ఈ ఆరంభాల తీరు చాలా మారింది. మోటోక్రాస్‌లో మట్టి మీద దూకేవాళ్లు ముందు ఫోర్కును కిందికి నొక్కి బిగించే ఒక కొక్కెం వాడేవారు. మొదటి మలుపుకు అందరికన్నా ముందు చేరడాన్ని వాళ్లు హోల్‌షాట్ అంటారు, కొక్కేనికీ ఆ పేరే వచ్చింది. 2018 చివర్లో డుకాటీ వాళ్లు బైకు వెనక భాగాన్ని కిందికి దించే ఏర్పాటును మోటోజీపీలోకి తెచ్చారు, తర్వాత మిగతా కంపెనీలూ అందిపుచ్చుకున్నాయి. బైకు నేలకు దగ్గరగా చతికిలబడితే బరువు కేంద్రం దిగుతుంది, ముందు చక్రం లేవడానికి మొరాయిస్తుంది, బలం ఇంకాస్త వాడుకోవచ్చు. దాని ఫలితం మొదటి మలుపులో కనిపిస్తుంది. అందరూ బాగా బయల్దేరడంతో అందరూ ఒకేసారి అక్కడికి చేరుతున్నారు. 2023 సెప్టెంబరులో మన దేశంలో, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన స్ప్రింట్ రేసులోనూ మొదటి మలుపు దగ్గరే లూకా మారీని తన జట్టు సహచరుడు మార్కో బెజెక్కీకే తగిలాడు. మారీని కాలర్‌బోన్ విరిగింది. 2027 నుంచి ఈ దించే పరికరాలన్నిటినీ నిషేధిస్తున్నారు. నాకది సంతోషమే. మళ్లీ భారమంతా వేళ్ల మీద పడుతుంది.

పరికరాలు ఎన్ని వచ్చినా దీపం దగ్గర ఆగడం మాత్రం మనిషి పనిగానే మిగిలింది. 2019లో అర్జెంటీనాలో కాల్ క్రచ్లో బైకు గీత దగ్గర కంటికి ఆనీ ఆననంతగా కదిలింది. ఆయనకూ రైడ్‌త్రూనే పడింది, పదమూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

లోరెంజో 2014ను మూడో స్థానంతో ముగించాడు. మరుసటి ఏడాది మే, జూన్ నెలల్లో హెరెథ్, లెమాన్, ముజెల్లో, కాటలున్యా రేసులు నాలుగూ వరసగా గెలిచాడు. ఆ నాలుగు రేసుల్లోని 103 ల్యాపుల్లో ఏ ఒక్క ల్యాపు చివరా ఆయనకన్నా ముందు గీత దాటినవాడు లేడు. వాటిలో పోల్ పొజిషన్ దక్కింది హెరెథ్‌లో ఒక్కదాన్లోనే. మిగతా మూడింట్లో ఆ ఆధిక్యం తొలి ల్యాపులోనే వచ్చింది.

2015 నవంబరు 8, వలెన్సియా. సీజన్‌లో చివరి రేసు. జట్టు సహచరుడు వాలెంటినో రోసీ 7 పాయింట్లు ముందున్నాడు, అయితే శిక్ష వల్ల గ్రిడ్‌లో చిట్టచివర ఉన్నాడు. పోల్‌లో లోరెంజో. ఏడాది కష్టమంతా ఈ ఒక్క ఆరంభం మీద, ఆ తర్వాతి 30 ల్యాపుల మీద ఆధారపడి ఉంది. స్టాండ్లలో లక్షమంది అరుస్తున్నారు. ఎర్రజెండా అధికారి పక్కకు తప్పుకున్నాడు. ఇంజిన్లన్నీ ఒకే శ్రుతిలోకి వచ్చాయి.

ఎర్రదీపం వెలిగింది. ఆయన బైకు కదల్లేదు. లివర్ మీద వేళ్లు అలాగే ఉన్నాయి.

దీపం ఆరింది.